పెంటయ్య చేతులు

మేయర్ ఎవలైతరని
ఛాయ్ హోటల్‌ల పదిమంది పది పేర్లు చెప్తరు.
నేను చెప్పను.
రామ్‌నగర్ గుండు కాడ
పదడుగుల ఫ్లెక్సీ షాపు నాది.
పేపరోళ్లకన్న వారం ముందే
మొఖాలన్నీ నా మిషన్ల కెల్లి జారి
రంగు ఆరకముందే చుట్టుకుంటయి.

ఆషాఢంల పుట్టినరోజు చేసుకున్న బుచ్చిరాములు
మల్ల కార్తీకంల చేసుకున్నడంటే
నాకు సమజైంది.
పోయినేడు "డివిజన్ నాయకుడు" అని రాయించినోడు
ఈయేడు "నగర ఆశాజ్యోతి" అన్నడు.
అక్షరానికి వేరే పైసల్లేవని తెల్సినంక
ముంగట "మహా" జోడించుమన్నడు.

యాకుత్‌పురా కెల్లి ఇఫ్తెకార్ సాబ్ తమ్ముడొచ్చిండు,
ఉర్దూల ఒకటి, తెలుగుల ఒకటి.
"రెండిట్ల నవ్వు ఒక్కతీర్గ ఉండాలె భాయ్" అన్నడు.
కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ల సంఘం చలపతిరావు గారు
ఫొటో తానే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని
"వయసు కొంచెం తగ్గించండి,
అనుభవం మాత్రం తగ్గకూడదు" అన్నారు.
గల్లా కాడ కూసున్న మా బామ్మర్ది
ముగ్గుట్ల ఎవలని పందెం కాసిండు:
ఒక బిర్యాని, డబల్ మసాల.

ఒక్క ముచ్చట ఎవలకూ చెప్పలే.
పన్నెండేండ్ల సంది ఈ షాపుల
అందరికి అతికిచ్చిన దండం ఒక్కటే.
ఎదురుంగ ఇస్త్రీబండి పెంటయ్యవి ఆ చేతులు.
ఒకనాడు బొగ్గులు దులుపుకొని
నవ్వుకుంట జోడిస్తే ఫొటో కొట్టిన.
ఎడమ బొటనేలు మీద కాలిన మచ్చ
ఒక్కసారి చెరిపిన, గంతే.
ఆ చేతులకే కద్దరు తొడిగిన,
సఫారీ తొడిగిన, షేర్వానీ తొడిగిన.
గెలిచినోడు పెంటయ్య చేతులతోనే గెలిచిండు,
ఓడినోడు గవ్వే చేతులతో ఓడిండు.
పెంటయ్య మాత్రం లైన్ల నిలవడి ఓటేసొచ్చి
సిరా వేలుతోనే ఇస్త్రీపెట్టె వట్టుకున్నడు.

మొన్న రాత్రి గుసగుస వుట్టింది,
ఈపాలి కుర్చీ ఆడోళ్లకు పోయేటట్టుందని.
తెల్లారెటాల్లకు బుచ్చిరాములు షెట్టర్ కొట్టిండు.
సంచిల కెల్లి పెండ్లి ఆల్బం దీసి
"గీమె మా ఇంట్లామె. గీండ్ల కెల్లి కోసుకో,
బాసింగం తీసెయ్" అన్నడు.
పేరేందన్నా అంటే
మాట కోసం ఎతికినట్టు జరసేపు ఆగి
"మంగతాయి" అన్నడు.
"ముందుగాల నా పేరు పెట్టు, ఎనక ఆమెది, చిన్నగ."
పగటాల్లకు ఇంకో నలుగురొచ్చిండ్రు,
నాలుగు ఆల్బములు, నాలుగు బాసింగాలు.
చలపతిరావు గారు కోడలి పాస్‌పోర్ట్ ఫొటో తెచ్చారు.
ఇఫ్తెకార్ సాబ్ తమ్ముడు
"ఇంట్ల అడిగి చెప్త" అని పోయినోడు మల్ల రాలే.
బామ్మర్ది బిర్యాని ఎవలకూ కాకుండ పోయింది.

ఇగ నా తిప్పలు చూడున్రి.
మంగతాయికి పెంటయ్య చేతులు పెడితే
గాజులు నిలుస్తలేవు.
మణికట్టు మీద ఎంటికెలు చెరిపితే
ఎముక బయటవడ్తున్నది.
సన్నగ చేస్తే పెంటయ్యకు జరమొచ్చినట్టున్నది.

తెల్లారుజామున నాలుగింటికి
రోడ్డూడ్చే సుక్కమ్మ చీపురు గోడకు ఆనిచ్చి
నీళ్లడిగింది.
ఒక్కసారి చేతులు జోడించక్కా, ఫొటో, అన్న.
"ఎవలికి తమ్మీ దండం?"
గదే తెల్వదింక, అన్న.
గ్లౌజులు తీసింది.
ఒక చేతికి రెండు పచ్చగాజులు, ఒక చేతికి రబ్బరుబ్యాండు.
ఫ్లాషుకు కండ్లు మూసుకున్నది గాని
చేతులు కదిలియ్యలే.

సీసా మూత తిప్పుకుంట చెప్పింది:
"పోయినసారి బుచ్చిరాములు మొఖం
మా రేకుల మీద కప్పినం.
రెండు వానకాలాలు ఆపిండు, పాపం,
మూడోదాన్ల ముక్కు కాడ కారవట్టిండు.
ఈపాలి ఎవలన్న గానీ తమ్మీ,
జర మందం షీటు మీద కొట్టు."