పచ్చివి దాటవు

పటంలో మా దేశం తోక దగ్గర తెగిపోయి ఉంటుంది.
అర్జెంటీనా నుంచి అర్జెంటీనాకే వెళ్లాలన్నా
మధ్యలో చిలీ వాళ్ల గడప తొక్కాలి,
ఒక జలసంధి దాటాలి,
నాలుగు కిటికీల ముందు నిలబడి
నాలుగుసార్లు మా పేర్లు చెప్పుకోవాలి.

గైమన్ నుంచి ఉషువాయా
పదహారు వందల పైచిలుకు కిలోమీటర్లు.
హెబెర్ స్కేలు పెట్టి గళ్లు గీశాడు.
ముప్పై ఏళ్లు కాలువ ఆఫీసులో
ఏ పొలానికి ఎన్ని గంటల నీళ్లో రాసిన చెయ్యి అది,
వంకర గీత రాదు.
మొదటి రాత్రి కోమొడోరో.
రెండో రాత్రి శాన్ హులియాన్, సముద్రం వైపు గది.
మూడోది రియో గయేగోస్.
పెట్రోలు ఎక్కడ, టైరు పంచరైతే ఎవరు,
మాతేకి వేడినీళ్లు ఏ బంకులో ఊరికే పోస్తారు,
అన్నిటికీ ఒక గడి.

పడవ గడి దగ్గర పెన్ను ఆగింది.

ఫోనులో అమ్మాయి చెప్పింది:
"దాటడం ఇరవై నిమిషాలేనండీ. గాలి ఒప్పుకుంటే."
ఒప్పుకోకపోతే?
"ఒప్పుకునేదాకా."
హెబెర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
నీళ్లకి గంటలు పంచినవాడికి
గంట చెప్పని నీళ్లు ఇదే మొదటిసారి.
పెన్ను పక్కన పెట్టి, పెన్సిలు చెక్కి,
ఆ గడిలో ఒక్క మాట రాశాడు: గాలి.

నేను చూడనట్టే ఆపిల్ పళ్లు తరుగుతూ కూర్చున్నాను.

సాయంత్రం లారీ బెలిసారియో వచ్చాడు,
ఆ దారి అతనికి అరచేతి గీత.
"వదినా, సరిహద్దులో పళ్లు లాగేసుకుంటారు.
తేనె, మాంసం, గింజలు, మొక్కలు, అన్నీ.
పోయినేడు ఒక ముసలాయన గేటు దగ్గరే నిలబడి
తొమ్మిది పీచ్ పళ్లు తిన్నాడు.
పదోది ఆఫీసరు చేతిలో పెట్టి
కళ్లు తుడుచుకున్నాడు.
పచ్చివి దాటవు. బాగా ఉడికించి
సీసాలో పెట్టి బిగించినవైతే పోనిస్తారు."

అందుకే ఈ తరగడం.

పదకొండేళ్ల కిందట
మా చెల్లెలు డెలియా ఇదే దారిన
ఎదురు దిక్కు నుంచి బయల్దేరింది.
యాభై రెండేళ్లకి నేను పెళ్లి చేసుకుంటున్నానని
వెనక సీటులో కేకు పెట్టుకుని.
జలసంధి ఒడ్డున రెండు రాత్రులు కారులోనే పడుకుందట.
వచ్చేసరికి కుర్చీలు కూడా తిరిగిచ్చేశాం.
గుమ్మంలో నిలబడింది,
పెదాలు పగిలి, జుట్టంతా ఇసుక.
నేనన్నాను:
"రావాలనుకున్న వాళ్లకి గాలి అడ్డమొస్తుందా!"

మాతే కూడా తాగకుండా కారు తిప్పుకుపోయింది.
కేకు అరుగు మీద వదిలేసింది.
అది ఎవరు తిన్నారో నాకు గుర్తులేదు.
నేను తినలేదన్నది మాత్రం గుర్తుంది.

ఇప్పుడు హెబెర్ దస్తూరీలో
గుండ్రంగా, ఏ కోపమూ లేకుండా,
ఆ మాటే గడిలో కూర్చుని ఉంది.

చెయ్యి తుడుచుకుని నోట్‌బుక్ నా వైపు లాక్కున్నాను.
"గాలి" కింద ఇంకో రెండు రోజులు కలిపాను.
వెనక సీటుకి రెండు కంబళ్లు రాశాను.
"అన్నెందుకు?" అన్నాడు.
"ఉండనీ."
"డెలియాకి ఏ తారీఖని చెప్పను?"
"తారీఖు చెప్పకు. బయల్దేరాం అని చెప్పు."
"ఇంకా బయల్దేరలేదుగా."
"బయల్దేరాక చెప్పు మరి."

గిన్నెలో ఆపిల్ ముక్కలు రంగు మారుతున్నాయి,
గరిటె బరువెక్కుతోంది.
ఇంకాసేపు. ఇంకా పచ్చివాసన పోలేదు.

పైన జింకు రేకు ఒక మూల లేచి
టపటపా కొట్టుకుంది.
ఎటు నుంచి వీస్తోందని అడిగాను,
పదకొండేళ్లలో ఒక్కసారీ అడగని నేను.
హెబెర్ తలెత్తకుండానే చెప్పాడు:
"పడమర నుంచి.
మన దగ్గర ఎప్పుడూ పడమర నుంచే."