కిటికీలోంచి నడిచి

బాబుపేట్‌ల పందొమ్మిదేండ్ల కాపురం.
కోటగోడను రోజూ చూసిన,
చద్దరు ఆరేసుకునే గోడ లెక్కనే చూసిన.
అదంతా ఒకటే గోడని,
చుట్టు తిరిగితే పదకొండు కిలోమీటర్లని
చిన్నపిల్ల ప్రణాలీ బడి నుంచి తెచ్చిన కాయితం చెప్పింది:
పర్కోట్ చుట్టూ నడవాలె, పటం గీయాలె, పెద్దల సంతకం.

నడవాల్సింది పిల్ల.
కదిలింది ఇల్లంతా.

ఆదివారం. థర్మల్ పొగకు మంచు తోడైన పొద్దు.
ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చిండు,
రెండుసార్లు సబ్బు పెట్టినా
కండ్ల కింద బొగ్గు కాటుక పోనేలేదు.
"నేను రాను, మోకాళ్ళు" అన్న అత్త
అందరికన్నా ముందు గడప దిగి
"ఇంకా ఎంతసేపే" అని కేకేసింది.

జట్‌పురా గేటు కింద ఆటోలు, హారన్లు,
తర్రీ పోహా బండి కాడ ముక్కులు ఎగబీల్చే జనం.
ఓంకార్ తల ఎత్తి అడిగిండు:
"సింహం కింద ఏనుగు కుక్కపిల్లంత ఉన్నదేంది నానమ్మా?"
"చెక్కినోడు కూలి రాజు దగ్గర తీసుకున్నడు బిడ్డా,
ఏనుగు దగ్గర కాదు."

పలకలు పిల్ల మరాఠీల చదువుతది,
నేను తెలుగుల చెప్త,
అత్త తన మంథని మాటలల్ల మళ్ళ చెప్పుకుంటది.
మూడు నోళ్ళు దాటేసరికి
రాజు పేరు రాలిపోయింది,
యుద్ధం రాలిపోయింది.
గోడ కట్టేటప్పుడు సున్నం మోసిన ఆడోళ్ళు
పలకమీద లేకున్నా
ఎట్లనో కథలకు వచ్చి కూసున్నరు.

అంచలేశ్వర్ కాడ సమాధి నీడ చల్లగున్నది.
మొగుడు పోతే రాణి కట్టించిందట.
"రాణి పోతే ఎవలు కట్టించిన్రు?"
అత్త అడిగింది.
పిల్ల పలకంతా రెండుసార్లు వెతికింది.
నేను ఆయన దిక్కు చూసిన.
"ముందు వంటింటి రేకులు మార్పిస్త," అన్నడు,
పల్లీలు ఒలిచి నా చేతుల పోస్తూ.

ఝర్‌పట్ ఒడ్డున గోడమీద రావిమొలకలు,
పిడకలు, ఎన్నికల రంగులు,
గుండెబొమ్మ గీసి రాసిన రెండు పేర్లు,
దాంట్ల ఒకటి కొట్టేసి ఉన్నది.
ఓంకార్‌కు చెప్పు తెగింది.
సేఫ్టీపిన్నుతోని కుట్టుకొని
కుంటుకుంట రాజులెక్క నడిచిండు.

గేట్లు నాలుగు. మధ్యమధ్యల ఖిడ్కీలు.
ఖిడ్కీ అంటే కిటికీ కదా,
మనిషి నడిచిపోతే అది తలుపు కాదా అని
నాకొక్కదానికే పట్టింది అనుమానం.
మా ఇంట్ల కిటికీ అంటే
వేడి చేతులతోని చువ్వలు పట్టుకొని
షిఫ్టు బస్సు కోసం చూసేది.
ఈ ఊరోళ్ళు దాంట్లనుంచి
బిందెలతోని, మేకలతోని, పాడెతోని
సుత బయటికి నడిచిన్రు.

ఒక ఖిడ్కీ మరీ చిన్నది, పేరు పలక ఊడిపోయింది.
పిల్లలు ఉరికిన్రు. అత్త గోడ పట్టుకొని దాటింది.
నా కొప్పుకు రాయి తాకింది.
ఆయన మాత్రం
ఆగలేదు, చూడలేదు,
మెడ ఎంత వంచాల్నో అంతే వంచి,
లేని టోపీ ఒక చేత్తో పట్టుకొని
నీళ్ళల్ల చేపలెక్క దాటిండు.
దాటినంక సుత నాలుగడుగులు
వంగే నడిచిండు.
"పప్పా, అయిపోయింది," అన్నది ప్రణాలీ.
అప్పుడు లేచిండు,
ఆకాశం ఉన్నదని ఎవలో యాది చేసినట్టు.

నేనేం అనలేదు.
పందొమ్మిదేండ్లుగ ఇంటికొచ్చిన మనిషిని చూసిన,
పనికి పోయిన మనిషిని
ఆ నాలుగడుగులల్లనే చూసిన.

బిన్‌బా గేటు దాకా పోలేదు.
అత్త ఒక రాయిమీద కూసొని
ఇదే నాకు బిన్‌బా అన్నది.
ఆటోకు నూరు అడిగిండు, అరవైకి వచ్చిండు.

రాత్రి పిల్ల పటం గీసింది.
పడమర దిక్కు గీత కలవలేదు.
"చూడనిది ఎట్ల గీయాలె?" అని అట్లనే వదిలింది.
ఖిడ్కీ కాడ మాత్రం
వంగిన మనిషిని ఒకన్ని పెట్టింది,
ఇంకెవ్వల్నీ పెట్టలేదు.

పెద్దల సంతకం కాడ ఆయన
పెన్ను పట్టుకొనే నిద్రపోయిండు.