ఊదుగొట్టం

ఇందుకూరుపేట అవతల, రొయ్యల గుంటల కట్ట మీద
మేతబస్తాలు పేర్చే రేకుల షెడ్డు మాది.
తెల్లమచ్చ తెగులొచ్చి గుంట ఎండగట్టాక
బస్తాలు పోయాయి, వాసన పోలేదు.
ఆ వాసనలోకే తోసుకొచ్చాం
నేనూ, మా అక్క కూతురు హిమజా
ఒక పాత జెన్ను.
వెనక సీటు లేదు, ఒక తలుపుకి అద్దం లేదు,
డాష్‌బోర్డు మీద మాత్రం ఎవరో అంటించిన
పెంచలకోన నరసింహస్వామి, ఎండకి సగం పాలిపోయి.
పీకబుద్ధి కాలేదు.

టర్బో నెల్లూరు ఆటోనగర్లో దొరికింది, తూకానికి.
గూడూరు దగ్గర లారీ కిందికి పోయిన డీజిలు ఇండికాలో
మిగిలిన వాటిల్లో అదొకటి.
మస్తానయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని
చిటికెనవేలితో చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు
పుచ్చకాయ కొనేవాడిలాగా.
"షాఫ్టు ఊగట్లా. తీసకపో."

పక్క గుంట కాపలా కోటమ్మవ్వ తొంగిచూసింది.
"ఏందబ్బయా ఆ నత్తగుల్ల?"
"ఊదుగొట్టం అవ్వా. ఇంజనుకి."
"ఎవురు ఊదేది?"
"ఇంజనే. బయటికి పోయే పొగ ఈ చక్రాన్ని తిప్పుద్ది.
ఇది తిరిగితే అవతల చక్రం గాలి తోస్తది లోపలికి."
కాసేపు ఆలోచించి అంది:
"అయితే నా మాదిరే. పొయ్యి పొగ మింగతానే గదా
ఇంకా గెట్టిగా ఊదతా."

ఐదు నెలలు.
పగలు ఊరోళ్ళ ఏరియేటర్లు బాగుచేసి కూలి,
రాత్రి ఆ కూలిని గొట్టాలుగా మార్చడం.
మానిఫోల్డు మూడుసార్లు పగిలింది, అతుకు దగ్గరే.
నాలుగోసారి వెల్డింగ్ చేస్తూ ఖాజావలి
"ఇది పగిలితే నేనూ రొయ్యలు పెంచుకుంటా" అన్నాడు.
ఆ ఒట్టు ఎంత పెద్దదో ఇద్దరికీ తెలుసు.

టర్బోలోంచి ఆయిలు తిరిగొచ్చే గొట్టం కిందికే వాలాలి.
కాస్త ఎత్తు మిగిలినా అక్కడే నిలబడి పొగలు కక్కుతుంది.
గుంటకి తూము పెట్టినవాడికి ఈ సంగతి
ఒకరు చెప్పాలా?
అయినా మొదటిసారి తప్పే పెట్టాను.

హిమజది పాలిటెక్నిక్ మూడో ఏడు.
టార్చి పట్టుకుంటుంది, ల్యాప్‌టాప్‌లో గీతలు చూస్తుంది,
నా చెవిని నమ్మదు.
"మామా, నాక్ వస్తా ఉంది" అన్న తర్వాత గానీ
నాకు వినపడేది కాదు,
డబ్బాలో గులకరాళ్ళు కదిపినట్టు.
రెండు డిగ్రీలు వెనక్కి. మళ్ళీ స్టార్టు.
కట్ట మీద రోడ్డు మూడొందల గజాలు, ఆపైన ఉప్పుటేరు.
ఆ మాత్రం దూరంలో ఏం తెలుస్తుంది ఎవరి సంగతైనా.

తడ దాటి, మద్రాసు అవతలి ట్రాకుకి
టాటా ఏస్ మీద కట్టుకుపోయాం.
వల తాళ్ళతోనే, వేరే తాళ్ళు లేవు.
తెల్లారేసరికి వరసలో అన్నీ మెరిసే బళ్ళు.
మాది దిగుతుంటే ఎవరో ముక్కు మూసుకున్నారు.
హిమజ నవ్వింది. నాకు రాలేదు.

మలుపు తిరిగి కాలు నొక్కాను. ఏమీ లేదు.
టర్బోతో కాపురం అంతే, అడగ్గానే ఇవ్వదు.
ఒకటి. ఒకటిన్నర.
ఎక్కడో లోపల నత్తగుల్ల ఈల వేసింది.
అప్పుడు తోసింది,
హమాలీ మూటని ఎత్తినట్టు, వీపు కింద చెయ్యేసి.
ఎన్నాళ్ళయిందో నన్నెవరైనా
ముందుకి తోసి.

ఆరు చుట్లు.
ఏడోదాంట్లో క్లిప్పు జారి గొట్టం ఊడి
బుస్సుమంది. మళ్ళీ మామూలు జెన్ను.
నా వెనక ఇంకా రెండే ఉన్నాయి,
వాటిల్లో ఒకటి ఆగిపోయి ఉంది.

పిట్‌లోకి వచ్చాక ఇంజను ఆపలేదు.
ఆపకూడదు. చక్రం ఎర్రగా కాగి ఉంటుంది,
ఇంకో రెండు నిమిషాలు ఆయిలు పారుతూనే ఉండాలి,
లేదంటే లోపలే మాడి బొగ్గవుతుంది.
గుంట పోయిన రోజు నేను
అన్నీ ఒక్కసారే ఆపేశాను.

జెండా కుర్రాడు వచ్చి అరవంలో ఏదో అన్నాడు,
ఆపమనేమో. హిమజ గడియారం చూపించి
రెండు వేళ్ళు ఎత్తింది.
హెల్మెట్ తియ్యకుండా కూర్చుని లెక్కపెట్టుకుంటున్నా.
క్లిప్పులు పెద్దవి కొనాలి.
నూటపదకొండు దగ్గర
కింద కార్పెట్టులోంచి వాసన లేచింది
రొయ్యల మేత, వేడెక్కి.