మూట మీది పేరు

శివరాత్రి వెళ్ళిన వారం
సెరంగో బస్సు దిగి కొట్లోకి వచ్చింది గురుబారి.
నెత్తిన కరక్కాయల బుట్ట.
వెనక ఆరేళ్ళ గుంటడు,
వాడి చేతిలో వాడి భుజాల ఎత్తు కత్తి.

కత్తి కాదు, కాయ.
రెండు మూరల పొడుగు, బెత్తెడు వెడల్పు,
పొయ్యి మీద మరిచిపోయిన అట్లకాడ రంగు.
ఊపితే లోపల ఎవరో
కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు.

"ఏ చెట్టుదే ఇది?" అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళుగా నా చోటు ఇదే,
పర్లాకిమిడి బజార్లో
సన్యాసి పాత్రో గారి వనమూలికల కొట్టు.
కళ్ళకి గంత కట్టినా చెబుతాను
వాసన చూసి వస, కొరికి కరక్కాయ,
గోటితో గీరి తెల్లమద్ది చెక్క.
అలాంటి నా ముందు నిలబడి
ఒక గుంటడు నవ్వుతున్నాడు.

తురాయా? తురాయి ఇంత వెడల్పుండదు,
దాని గింజలు గలగలమంటాయి, ఇలా గుసగుసలాడవు.
రేలా? అది గుండ్రం, విరిస్తే నల్లటి గుజ్జు,
బిళ్ళలు పేర్చినట్టు అరలు.
దిరిసెనం ఎండుగడ్డి రంగు, జానెడు దాటదు.
దేవకాంచనం విచ్చితే మెలి తిరుగుతుంది,
ఇదేమో కమ్మరి సాగగొట్టినట్టు సాపుగా ఉంది.
నాకు తెలిసిన చెట్లన్నీ ఒక్కొక్కటే
తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాయి.

గురుబారి తన భాషలో ఏదో అంది. అందలేదు.
ఒడియాలో అంది: "ఫణఫణా."
పడగ మీద పడగ లాంటి ఆ పేరు
నేను పలికితే గుంటడు విరగబడి నవ్వాడు.

కాయ అంచున సన్నటి పగులు.
త్రాసు పక్కనున్న చాకు దూర్చాను.
తాటాకు పుస్తకంలా విచ్చుకుంది.
లోపల గింజలు కాదు, రెక్కలు.
ఉల్లిపొర కన్నా పలచన,
నడుమ చిన్న గోధుమరంగు మచ్చ,
ఒకదాని మీద ఒకటి, ఎన్నో లెక్క లేదు.
పైన ఫ్యాను తిరుగుతోందని
మరిచిపోయాను.

కొట్టంతా రెక్కలు.
త్రాసు పళ్ళెంలో పడ్డవి ముల్లుని కదపలేదు.
దేవుడి పటం దండలో, చెమటపట్టిన నా మెడ మీద,
విప్పి ఉన్న ఖాతా పుస్తకంలో.
ఒకటి గుమ్మం దాటి, రిక్షా వాడి తలపాగా దాటి
మహేంద్రతనయ వేపు పోయింది.

అప్పుడు చెప్పింది, వచ్చీరాని తెలుగులో, చేతులతో:
పువ్వు రాత్రే పూస్తాదట. కంపు.
గబ్బిలం వచ్చి మూతి పెడతాదట.
తెల్లారేసరికి నేల మీద.
పగలు చూసేవాడికి ఆ చెట్టు పూయనట్టే.
రాలిన ఆకుకాడలు మొదట్లో
ఎముకల్లా పోగుపడతాయట.
"వేరు నువ్వే కొంటావు గదా" అంది.

నేనా?
ఆమె వేలు నా వీపు వెనక్కి చూపించింది.
మూల గోనె.
మీద నా చేతిరాతే, సిరా వెలిసి:
దుండిలం. వేరు చెక్క.

ముప్పై ఒక్క ఏళ్ళు
తూచాను, దంచాను, పొట్లం కట్టాను
బాలింతలకి, వాతపు మోకాళ్ళకి.
ఆ మాటకి కొమ్మలుంటాయని,
కొమ్మకి ఇలాంటి కత్తి వేలాడుతుందని
ఎవరినీ అడగలేదు.
వేరు తవ్వితే చెట్టు మిగలదని మాత్రం
అడక్కుండానే తెలుసు.

"ఇది ఎక్కడ దొరికింది?"
"ఒక్కటే ఉంది. మా చర్చి వెనక గట్టు మీద.
అక్కడ తవ్వనియ్యరు."
బేరంలో ఆఖరి ధర చెప్పినట్టు చెప్పింది,
నా కళ్ళల్లోకి చూస్తూ.

కరక్కాయలు తూచాను.
ఈసారి ముల్లుని ఆమె వైపే మొగ్గనిచ్చాను.
గింజలు ఏరబోతే సగం మళ్ళీ లేచిపోయాయి.
ఆట కత్తి చీల్చానని గుంటడు ఏడుస్తాడనుకున్నాను.
ఏడవలేదు ఎనోసు.
ఖాళీ చెక్కలు చెరో చేత్తో పట్టుకొని,
ఒక కత్తి రెండయిందని,
బస్టాండు దాకా గాలితో యుద్ధం చేసుకుంటూ పోయాడు.

రాత్రి లెక్క కట్టేటప్పుడు
ఎవరిదో బాకీ మీద ఒక రెక్క అంటుకొని ఉంది.
తీయలేదు.
అంకె దానిలోంచి కనిపిస్తూనే ఉంది.