గ-7

ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలు మీద
ఇళ్లకు నంబర్లు నిలవవు.
ఉన్ని గుడారాలు, చుట్టూ చెక్క దడులు.
బొగ్గు అయిపోయినా, తోడికోడలు అలిగినా
ఇంటిని విప్పి లారీకెత్తి
పక్క వాలుకి పోతారు.

అందుకని మా అంబులెన్స్ గదిలో
గోడంత పటం, దాని మీద గళ్లు.
పైన అక్షరాలు: అ, బ, వ, గ, ద
(మా వరుస అంతే, నవ్వకండి).
పక్కన పై నుంచి కిందికి అంకెలు.

ఇరవై రెండేళ్లు రాత్రి డ్యూటీ చేశాను.
ఏ గడికి ఎక్కువసార్లు వేలు పెట్టానో
ఆ గడే ముందు చిరిగింది.
గ-7 ఉన్నచోట వేలు దూరేంత చిల్లు.
వెనకనుంచి టీ పొట్లం కాగితం అంటించి
గుర్తున్న సందులన్నీ పెన్నుతో గీశాను.
గుర్తులేనివి వదిలేశాను.

జనవరి. మైనస్ ముప్ఫై నాలుగు.
ఫోన్లో పిల్లవాడు.
"అమ్మకి నొప్పులు."
ఎక్కడ నాన్నా?
"ఇంట్లో."
బయట ఏం కనిపిస్తోంది?
"పొగ."
తలుపు రంగు?
"నారింజ."
అందరిదీ నారింజే.
నీళ్లెక్కణ్ణించి తెస్తావు?
"డబ్బా దొర్లించుకుంటూ దిగుతాను. టైర్లాయన దగ్గర కుళాయి."
పొద్దున దిగేటప్పుడు ఎండ ఎక్కడ తగులుతుంది?
చాలాసేపు మాట లేదు.
తన చెంపలు తానే తడుముకుంటున్నాడేమో.
"ఎడమ చెంప."

అంటే దక్షిణానికి దిగుతున్నాడు.
టైర్ల దామ్‌దిన్ గ-8లో ఉంటాడు.
పిల్లాడు వాడికి పైన.
నా వేలు టీ పొట్లం మీద ఆగింది.

డ్రైవర్ బత్చులూన్ రేడియోలో తిట్టాడు:
"గ-7లో ఉన్నా, కుక్కలు తప్ప ఏం లేవు."
టార్చి పట్టుకుని దడి ఎక్కమన్నాను పిల్లాణ్ణి.
"పడతానేమో," అన్నాడు.
పడు, కానీ టార్చి ఆర్పకు, అన్నాను.
ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పాప బండిలోనే పుట్టింది, దిగుతుండగా.
"పుట్టిన స్థలం ఏం రాయనక్కా?
సరిగ్గా గీత మీదున్నాం."
పిల్లాడు ఫోన్ చేసిన గడి రాయి, అన్నాను.
ఇది ఊరిపేరు కాదంటూ
పెద్దాఫీసు కాగితం తిప్పి పంపింది.
నేను అదే కాగితం మళ్లీ పంపాను.
మూడోసారి వాళ్లు విసిగిపోయారు.

మంచు కరిగాక ఆ పిల్లాడొచ్చాడు,
పేరు అంఖ్‌బయర్, ముందు పళ్లు రెండూ లేవు.
సంచిలో ఎండిన పెరుగు ముక్కలు,
రాళ్లకన్నా గట్టివి.
"మేమెక్కడున్నామో చూపించు."
చూపించాను.
"ఇప్పుడక్కడ లేం. మామయ్య దగ్గరికి మారాం, ఆ పక్క వాలుకి."
అయినా కుర్చీ ఎక్కి
పగిలిన వేలు తెచ్చి అక్కడే పెట్టాడు.

మెల్లగా, అన్నాను.
అక్కడ కాగితం లేదు.