పింగు అంటే

రాత్రి పదకొండున్నర దాటినంక
నా ఫోన్ మోగిందంటే
ఎవలింట్లనో చావు గాదు,
ఎవనికో ఆట ఆగింది.

మిర్యాలగూడల నలభై రెండు గల్లీల తీగ
ఈ భుజం మీదికెల్లే పోయింది.
ఏ ఇంట్ల ఎంత స్పీడు,
ఎవరు మూడు నెలల బాకీ,
ఎవని డబ్బాకు పచ్చలైటు ఎలుగుతలేదు,
నిద్రల లేపి అడిగినా చెప్త.
వడ్ల లారీ మీది బస్తా తట్టి తెగేది ఒకటి,
కోతులు కొరికేది ఒకటి,
వినాయకుని పందిరికి అడ్డమని
పోరగాళ్లు కోసేది ఇంకొకటి.
వెంట్రుక అసొంటి గాజుపోగు.
అండ్లకెల్లి వెలుతురు ఉరుకుతదంటే
మా అమ్మ ఇప్పటికీ నమ్మది.

ఈ రాత్రి పిలిచింది ఉపేందర్.
ఆటల వాని పేరు డెవిల్ 508207.
పిన్‌కోడు పెట్టుకున్న దయ్యం,
పోస్టుమాన్‌కు సుత దొరుకుతది.
"అన్నా, పింగు మూడొందలు దాటింది,
నేను కొట్టకముందే చస్తున్న."

గడప కాడ సైదమ్మ.
మిల్లుల ఊడ్చి వచ్చింది,
కనుబొమ్మల మీద ఇంకా తవుడే.
నెల బిల్లు ఐదొందల ఎనభై తొమ్మిది.
ఐదొందల తొంభై చేతిల పెట్టి
రూపాయి కోసం నిలబడ్తది.

"జానయ్యా, పింగు అంటే ఏంది బిడ్డా?
రోజు దాన్నే తిడ్తడు."
ఎట్ల చెప్పాలె.
"మనం పిలిచిన కాడికెల్లి
అవతలోడు పలికేదాంక పట్టే టైమమ్మా.
సెకనును వెయ్యి ముక్కలు జేస్తే
ఇరవై ముక్కలల్ల పలకాలె."
కొంచెంసేపు ఏం మాట్లాడలే.
"గట్లనా.
అన్నం తిన రారా అంటే గంటకు పలుకుతడు.
మా ఇంట్ల గూడ పింగు శాన ఉన్నది.
దానికేమన్న తీగ ఉన్నదా నీ దగ్గర?"

నవ్విన.
నవ్వుకుంటనే నిచ్చెన భుజానికెత్తిన.

స్తంభం కాడ పట్టుకునేటందుకు వాడే వచ్చిండు.
మూడేండ్ల సంది బిల్లు తీస్కపోతున్న గని
తలుపు సందుల నీలం వెలుగు తప్ప
మొఖం చూసుడు ఇదే మొదలు.
తీగ తొక్క ఒలుచుకుంట మీదికెల్లి అడిగిన:
"ఇప్పటిదాంక ఎంత పెట్టినవ్‌రా ఆటకు?"
ఏం లేదన్నడు.
జరసేపటికి నిచ్చెనకు చెప్పినట్టు చెప్పిండు.
దసరాకు తుపాకికి నెమలి రంగు,
ఏడొందల తొంభై తొమ్మిది.
రెక్కలు. వెనక సంచి. ఒక అంగీ.
ఇరవై తొమ్మిదివి, ఎనభైవి డైమండ్లు,
"అవి లెక్కల్లకు రావన్నా."
మేనమామ ఇచ్చిన ఫీజుల కొంత.
అన్ని కలిపి పదకొండు వేల నాలుగొందలు.
"గా అంగీ ఒక్కపారన్న నువ్వు తొడుక్కోరాదు గదరా."
"నేను గాదన్నా, వాడు తొడుక్కుంటడు."
టార్చి వెలుగుల వీని అంగీ కనవడ్డది.
ఏం అనలే.

నేనేం తక్కువ తిన్న?
పోయిన ఎండకాలం లారీ ఆటల పడి
నాలుగొందల ముప్పై పెట్టి హారన్ కొన్న.
మా ఆమెకు రీచార్జి అని చెప్పిన.
ఆ హారన్ మోత ఇప్పటికీ ఎవ్వలకు ఇనిపియ్యలే.

పోగుకు పోగు మొఖం మొఖం పెట్టి అతికిన.
మిషన్ కీక్ మంది.
కింద వాని ఫోన్ల ఏదో మారింది.
"పద్దెనిమిది! అన్నా, పద్దెనిమిది!"
నవ్విండు. ఉరికిండు.

నిచ్చెన ఓ పక్కకు జరిగింది.
ఒక చెయ్యి స్తంభానికి,
ఇంకో చేతిల కటింగ్ ప్లేరు,
మలుపు కాడ వడ్ల లారీ లైటు
ఈ గల్లీలకే తిరుగుతున్నది.
"ఉపేందరూ!" అని పిలిచిన.

ఒకటి.
రెండు.
లెక్కబెడుతున్న.