కొసరు

పన్నెండు గంటలు ఏమీ తినకూడదన్నాను.
"మాతె కూడానా?" అన్నాడు వాల్దెమార్,
చంకలోని ఫ్లాస్కును ఎవరో లాక్కుంటారన్నట్టు
ఇంకాస్త గట్టిగా అదుముకుని.
మాతె కూడా. మంచినీళ్లు తాగొచ్చు.
నదిమీంచి జూలై చలి కోసుకొచ్చే పైసాందులో
ఆ చేదు వేడి కషాయం గొంతు దిగని ఉదయం
ఎంత పొడుగో నాకూ తెలుసు.

ముప్పైయొక్క ఏళ్లుగా మా వీధి మాంసం కొట్టు అతనిది.
ముక్క ఎంత తూగుతుందో తక్కెడకన్నా ముందు
అతని అరచేయి చెబుతుంది.
ముల్లు నిలిచాక, ఎప్పుడూ,
ఓ కొవ్వు తునక పైన పడేస్తాడు:
"ఇది కొసరు, నిబియా. లెక్కలోకి రాదు."

ఇవాళ అతని నెత్తురు గొట్టం
నా యంత్రంలో గిర్రున తిరిగి ఆగింది.
ఎరుపు అడుక్కి దిగింది.
పైన తేరాల్సింది లేత బంగారు రంగు తేట.
తేరింది బియ్యం కడిగిన నీళ్లు.
కిటికీకి ఎత్తి చూశాను.
అవతలి నది కనపడలేదు.

కొసరు లెక్కలోకి వచ్చింది.

కాగితం చదివి చెప్పడం నా పని కాదు, డాక్టరమ్మది.
ఆవిడ గురువారం గాని రాదు.
వాల్దెమార్ అప్పటికే టోపీ తీసి నా బల్లమీద పెట్టేశాడు.

"మొత్తం రెండువందల అరవై ఎనిమిది."
"కిలోలా?"
"నవ్వకు. రెండువందల లోపుంటే నిశ్చింత.
ఇది ఎల్‌డీఎల్, నూట అరవై ఎనిమిది.
కొవ్వును మోసుకొచ్చి రక్తనాళాల గోడలకు పూసిపోయేది ఇదే.
వంద లోపుంటే మేలు.
ఇది హెచ్‌డీఎల్, ముప్పై ఎనిమిది.
మిగిలింది ఊడ్చి కాలేయానికి చేర్చేది.
మగవాడికి నలభై అయినా దాటాలి."
"అంటే నా కొట్లోలాగే.
అప్పు పెట్టేవాళ్లు ఎక్కువ, తీర్చేవాళ్లు తక్కువ."
"అలాగే అనుకో."
"మరి ఈ మూడువందల పది?"
"ట్రైగ్లిజరైడ్లు. నూటయాభై దాటకూడదు.
దానికి మాంసం ఒక్కటే కారణం కాదు,
రాత్రి వైను, తీపి బిస్కట్లు..."
"మాంసం కాదా!" మొహం వెలిగింది.
"ఒక్కటే కాదు అన్నాను."

ఒట్టి అంకెలతో తీర్పు చెప్పరు, వాల్దెమార్.
సిగరెట్లెన్ని, బీపీ ఎంత, చక్కెర ఎంత,
మీ నాన్న ఏ వయసులో పోయాడు,
అన్నీ రెండో తట్టలో వేసి డాక్టరమ్మ తూస్తుంది.

"యాభై రెండు," అన్నాడు. "కొట్టు తలుపు తీస్తూ."

కాగితాన్ని మాంసం పొట్లంలా
నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు.
గుమ్మం దగ్గర ఆగాడు.
"నిబియా, నీది ఎంత?"

పదకొండేళ్లుగా ఊరి నెత్తురంతా నా చేతులమీదుగా తిరిగింది.
నాది తిరగలేదు.

మర్నాడు పొద్దున్నే, మాతె లేకుండా,
చొక్కా చెయ్యి మడిచి యమందూ ముందు కూర్చున్నాను.
నా గొట్టం ఎంత తేటగా తేరిందంటే
అందులోంచి అతని చొక్కా బొత్తాలు లెక్కపెట్టాను.
యమందూ ఈల వేశాడు.
నేనూ కాస్త గర్వపడ్డాను,
సన్నటి మనిషిని, ఉట్టి చేపలే తినే మనిషిని.

యంత్రం అచ్చేసింది: ఎల్‌డీఎల్, నూట తొంభై ఒకటి.

ఎల్‌డీఎల్ ఎంతున్నా తేట తేటగానే ఉండగలదు.
శిక్షణకొచ్చే పిల్లలకు ఏటా నేను చెప్పే మాటే.
వాళ్లు రాసుకుంటారు.

శనివారం కొట్టుకెళ్లాను.
వాల్దెమార్ తూచాడు. ముల్లు నిలిచింది.
కొవ్వు తునక పట్టుకున్న చెయ్యి అలవాటుగా లేచి
తక్కెడ మీద గాలిలో ఆగిపోయింది.
ఇద్దరం దానివంక చూశాం.
"ఎంత?" అన్నాడు.
చెప్పాను.
నాకన్నా ముందు అతనే ఓ నిట్టూర్పు విడిచి
తునకను వీధిలోకి విసిరాడు.

గాలిలోనే అందుకుంది మూల ఇంటి కుక్క.
"దానికి పన్నెండు గంటల ఉపవాసం ఎవరు చెప్తారు,"
అంటూ కత్తి తుడుచుకున్నాడు.